వెనుక బల్ల మీద రెండు వారాలు

(చెన్నైలోని తెలుగువారి నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నన్ను పిలిచిన మిత్రులు ఆహ్వాన పత్రికలో నా ప్రసంగానికి 'విదేశంలో విద్యాసేవ' అని పేరు పెట్టారు. వారి అభిమానానికి కృతజ్ఞురాలిని. అయితే ఆ పేరులోని రెండో మాటతో నాకు కొంత పేచీ ఉన్నదని మొదటే చెప్పుకోవడం మంచిది. 2019 జనవరి నుంచి ఏప్రిల్ వరకు నేను కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో, చెత్త ఏరుకుని బతికే కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఒక పేటలో, పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఒక చిన్న కేంద్రంలో ఉన్నాను. అక్కడ నేను చేసిన పని ఎంతో, నన్ను చేయనివ్వని పని ఎంతో లెక్క వేస్తే రెండోదే ఎక్కువ తేలుతుంది. నా అనుభవంలో మీకు పనికివచ్చేది ఏదైనా ఉంటే అది ఆ రెండో భాగంలోనే ఉన్నదని నా నమ్మకం.

బయలుదేరే ముందు మా వీధిలో ఒక పెద్దాయన, "ఏమమ్మా, ఇక్కడ పేద పిల్లలు కరువయ్యారా, సముద్రం దాటి వెళ్తున్నావు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ముప్పై ఒక్క సంవత్సరాలు నేను ఉత్తర చెన్నైలో ఒక తెలుగు మాధ్యమ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పాను. ఈ నగరంలో వీధులు ఊడ్చి, మురుగు కాలువలు తీసే పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది కొన్ని తరాల కిందట తెలుగు జిల్లాల నుంచి వచ్చినవారన్న సంగతి మీకు తెలియనిది కాదు. నా తరగతిలో కూర్చున్నవాళ్లు ఎక్కువగా ఆ ఇళ్ల పిల్లలే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. 2006లో తమిళ బోధన చట్టం వచ్చి తమిళం తప్పనిసరి మొదటి భాష అయ్యాక ఆ మూడింటి మధ్య వాళ్లు పడిన అవస్థ వేరొక సభకు సరిపడా ఉన్నది. కాబట్టి ఇక్కడి పిల్లలను వదిలేసి అక్కడికి పోయానన్న నింద నా మీద పూర్తిగా నిలవదు. మరి ఎందుకు వెళ్లానంటే, నిజం చెబుతాను: అంగ్‌కోర్ ఆలయాలు చూడాలని చిన్నప్పటి నుంచీ కోరిక, పదవీ విరమణ తరువాత ఇంట్లో ఊరికే కూర్చోలేని స్వభావం, జీవితంలో ఒక్కసారైనా పరీక్ష, సిలబస్, ఇన్‌స్పెక్షన్ లేని తరగతిలో పాఠం చెప్పాలన్న ఆశ. వీటిలో ఏదీ త్యాగం కాదు. అందుకే సేవ అన్న మాటకు జంకుతున్నాను.

మొదట నేను ఒక ఏజెన్సీని సంప్రదించాను. వలంటీర్లను విదేశాలకు పంపే సంస్థ అది, పేరు అనవసరం. వారానికి ఇన్ని వందల డాలర్లని ఒక పట్టిక పంపారు. పన్నెండు వారాలకు లెక్క కడితే అది నా పింఛను ఎనిమిది నెలల మొత్తం. ఆ డబ్బులో కేంద్రానికి చేరేది ఎంత అని రాస్తే, 'కార్యక్రమ నిర్వహణ' అని ఒక మాట జవాబుగా వచ్చింది. అంతకన్నా నన్ను ఆశ్చర్యపరచినది వారి దరఖాస్తు. మీరు ఎప్పుడైనా పాఠం చెప్పారా అన్న ప్రశ్న అందులో లేదు. పిల్లల మధ్యకు పంపేటప్పుడు పోలీసు ధ్రువపత్రం అడగడం కనీస జాగ్రత్త, అదీ లేదు. టీ షర్టు కొలత మాత్రం అడిగారు. ముప్పై ఒక్క ఏళ్లు బోర్డు ముందు నిలబడిన నాకు, నిన్నగాక మొన్న కాలేజీ వదిలిన కుర్రవాడికీ వారి దృష్టిలో తేడా ఏదైనా ఉంటే అది చొక్కా కొలతలోనే.

ఆ తరువాత నా పాత విద్యార్థి ఒకరు, నామ్‌పెన్‌లో దుస్తుల కర్మాగారంలో నాణ్యతా విభాగంలో పనిచేసే అబ్బాయి, ఈ కేంద్రం గురించి చెప్పాడు. దాన్ని నడిపేది ఆ పేటలోనే పుట్టి పెరిగిన ఒక ఖ్మేర్ ఉపాధ్యాయిని. ఖ్మేర్ అన్నది ఆ దేశంలో ఎక్కువమంది జాతి పేరు, వాళ్ల భాష పేరు కూడా. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు. అక్కడ పంతులమ్మను 'నేక్ క్రూ' అంటారు, పంతులుగారిని 'లోక్ క్రూ' అంటారు. ఆ 'క్రూ' మన 'గురు' శబ్దమే. నేనూ ఆమెను నేక్ క్రూ అనే పిలిచాను కనుక ఇక్కడా అలాగే చెబుతాను. ఫోనులో ఆమె నన్ను పరీక్ష చేసింది. ఎన్నాళ్లు ఉంటారు అని అడిగింది. మూడు నెలలకు తక్కువైతే వద్దన్నది. పోలీసు ధ్రువపత్రం తెమ్మన్నది. సాలిగ్రామంలోని పాస్‌పోర్టు సేవా కేంద్రానికి రెండు సార్లు తిరిగి తెచ్చుకున్నాను. పర్యాటక వీసా మీద వచ్చి పాఠాలు చెప్పడం కుదరదని, దిగేటప్పుడే సాధారణ వీసా అడిగి తీసుకోవాలని చెప్పింది. చివరగా, "మొదటి రెండు వారాలు మీరు వెనుక బల్ల మీద కూర్చోవాలి. పాఠం చెప్పకూడదు. కూర్చోగలరా?" అన్నది.

నాకు కోపం వచ్చిందని ఒప్పుకుంటున్నాను. ఆమె అక్షరాలు దిద్దక ముందు నుంచే నేను చాక్‌పీసు పట్టుకున్నాను. అయినా కూర్చోగలనన్నాను.

కౌలాలంపూర్‌లో విమానం మారి నామ్‌పెన్ చేరాను. ఆ పేట నగరానికి దక్షిణాన స్టుంగ్ మీన్‌చేయ్ అనే చోట ఉన్నది. మన కొడుంగయ్యూరు చెత్త దిబ్బను చూసినవారికి దాన్ని వేరుగా వర్ణించనక్కర్లేదు. ఒక తేడా ఏమిటంటే, స్టుంగ్ మీన్‌చేయ్ దిబ్బను 2009లో మూసేసి చెత్తను ఊరికి ఇంకా దూరంగా పోస్తున్నారు. దిబ్బ వెళ్లిపోయింది కానీ దాని మీద బతికిన మనుషులు వెళ్లలేదు. తోపుడు బండి, చేతిలో పిసికితే కీచుమనే చిన్న బూర, "ఎత్‌చాయ్" అన్న కేక. వీధి వీధి తిరిగి సీసాలు, డబ్బాలు, అట్టలు కొనేవారిని అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు. కేంద్రం అంటే రేకుల కప్పు కింద అద్దెకు తీసుకున్న ఒక పొడుగాటి గది. కంబోడియా ప్రభుత్వ బడులు చాలావరకు రెండు పూటలుగా నడుస్తాయి. ఒక పిల్లవాడు ఉదయమే, ఇంకొకడు మధ్యాహ్నమే బడికి పోతాడు. మిగిలిన పూట ఖాళీ. ఆ ఖాళీలో జీతం చాలని ఉపాధ్యాయులు పెట్టే ట్యూషన్లకు రోజుకు కొన్ని వందల రియెల్‌లు కట్టగలిగినవాళ్లు అక్కడికి పోతారు, కట్టలేనివాళ్లు బండి వెంట పోతారు. ఉదయం బడి పిల్లలను మధ్యాహ్నం, మధ్యాహ్నం బడి పిల్లలను ఉదయం, పూటకు ముప్పై అయిదు మంది చొప్పున నేక్ క్రూ ఆ గదిలోకి చేర్చింది. చంటి తమ్ముణ్ణి చంకనెత్తుకుని వచ్చే ఆడపిల్లలను ఆమె ఎన్నడూ వెనక్కి పంపలేదు. చంటివాళ్లు పాఠం మధ్యలో ఏడిచేవారు. ఆ ఏడుపు కూడా పాఠంలో భాగమే అన్నట్టుగా ఆమె గొంతు కొంచెం పెంచి సాగిపోయేది.

ఆ దేశంలో ఇంగ్లీషు అంటే ఏమిటో తెలుసుకోవడానికి నేను ఒక ఆదివారం నామ్‌పెన్‌లోని టువోల్ స్లెంగ్ మ్యూజియానికి వెళ్లాను. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల సేనలు నామ్‌పెన్‌లోకి వచ్చిన నాటి నుంచి 1979 జనవరి 7 వరకు సాగిన పాలనలో బడులన్నీ మూతపడ్డాయి, పదిహేను నుంచి ఇరవై లక్షల మంది చనిపోయారు. టువోల్ స్లెంగ్ అంతకు ముందు ఒక ఉన్నత పాఠశాల. దాన్ని చెరసాలగా మార్చి, తరగతి గదుల మధ్య ఇటుకలు పేర్చి మనిషి పట్టేంత కొట్లు కట్టారు. పద్నాలుగు వేల మందికి పైగా అక్కడికి చేరారు. బతికి బయటపడినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. చదువుకున్నవారు, ఉపాధ్యాయులు, విదేశీ భాష వచ్చినవారు ఆ రోజుల్లో ఆ సంగతి దాచుకుని బతికారు. ఆ వరండాలు, ఆ కిటికీలు, గది కొలతలు అన్నీ నేను ముప్పై ఏళ్లు తిరిగిన బడివే. నేను ఎక్కువసేపు ఉండలేకపోయాను.

ఆ పాలన పోయాక కూడా 1980లలో బడుల్లో వియత్నామీస్, రష్యన్ భాషలకే చోటు. నేక్ క్రూ తండ్రి ఇంగ్లీషును రాత్రిపూట, తలుపు వేసుకుని, ఒక చిరిగిన పుస్తకం నుంచి చేత్తో ఎక్కించుకుని నేర్చుకున్నాడట. 1992లో ఐక్యరాజ్యసమితి సిబ్బంది వేల సంఖ్యలో దిగారు; 1999లో కంబోడియా ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో చేరింది; ఆ కూటమి వ్యవహార భాష ఇంగ్లీషు. తరువాత పర్యాటకులు, హోటళ్లు, కర్మాగారాలు. ఒకప్పుడు ప్రాణం తీయగలిగిన భాష ఒక్క తరంలో అన్నం పెట్టే భాష అయింది. ఆ పేటలో తల్లులు పిల్లలను ఇంగ్లీషుకు పంపేటప్పుడు ఈ రెండు సంగతులూ వారికి గుర్తే.

ఇక వెనుక బల్ల. మొదటి మూడు రోజులు నేను చేసిన పని బోర్డు మీది ఖ్మేర్ అక్షరాలను తేరిపార చూడడం. పల్లవుల లిపి నుంచి పుట్టిన లిపి అది. అంటే మనం ఈ సభ జరుపుకుంటున్న చోటికి నాలుగు అడుగుల దూరంలోని కాంచీపురం, మహాబలిపురం నుంచి ఓడెక్కి వెళ్లినది. మన తెలుగు లిపికి దాయాది. క, ఖ, గ, ఘ, ఙ అన్న వరుసే వాళ్లదీ. కాకపోతే 'కా, ఖా, కో, ఖో, ఙో' అని పలుకుతారు. అక్షరం నెత్తి మీది గీతను మనం తలకట్టు అంటాం, వాళ్లు జుట్టు అంటారు; మన ఒత్తును వాళ్లు పాదం అంటారు. తేదీ వేసిన మొట్టమొదటి ఖ్మేర్ శాసనం క్రీ.శ. 611 నాటిది; సుమారు 575 నాటిదని చెప్పే మన తొలి తెలుగు శాసనం, కలమళ్ళ శాసనానికి కొంచెం చిన్న చెల్లెలు. బడిని 'సాలా' అంటారు. వారాల పేర్లు విన్నప్పుడైతే మా నాన్నగారి పంచాంగం వింటున్నట్టే ఉండేది: ఆదివారం ఆతిత్, సోమవారం చాన్, మంగళవారం అంగారకుడి పేర అంగియా, బుధవారం పుత్, గురువారం బృహస్పతి పేర ప్రహోస్, శుక్రవారం సోక్. నేను వాటిని తప్పు లేకుండా అప్పజెప్పిన రోజున పిల్లలు నాకు 'యేయ్' అని పేరు పెట్టారు. అంటే బామ్మ. ఆ పేరు తరువాత మారలేదు.

ఆ వినోదం అయ్యాక అసలు విషయం కనిపించసాగింది. ఆ పిల్లలకు ఏనుగు, సింహం, జిరాఫీ, జీబ్రా, కంగారూ, పెంగ్విన్ అన్నీ ఇంగ్లీషులో వచ్చు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వచ్చు. ఏబీసీ పాట కళ్లు మూసుకుని పాడతారు. "మై నేమ్ ఈజ్" అని మొదలుపెడితే గది దద్దరిల్లుతుంది. కానీ పక్కన కూర్చున్న పదేళ్ల పిల్లవాణ్ణి, ముందున్న పుస్తకంలో ఒక చిన్న మాట చూపించి చదవమంటే చదవలేడు. కారణం నేక్ క్రూ పాత రిజిస్టరు చూపించినప్పుడు తెలిసింది. ఆమె మూడు నెలల నియమం పెట్టక ముందు వలంటీర్లు రెండేసి వారాలకు వచ్చేవారు. ఒక్కొక్కరూ ఎంతో ప్రేమతో, కొత్త ఉత్సాహంతో, మొదటి నుంచి మొదలుపెట్టేవారు. మొదటి వారం ఏబీసీ పాట, రెండో వారం జంతువులు, చివరి రోజు మిఠాయిలు, కన్నీళ్లు, ఫోటోలు. తరువాతి సోమవారం ఇంకొకరు, మళ్లీ ఏబీసీ పాట. ఒక సంవత్సరంలో ఆ పిల్లలు పదకొండు సార్లు జిరాఫీ నేర్చుకున్నారు. వచ్చిన ఒక్క వలంటీరు కూడా చెడ్డవాడు కాదు, సోమరి కాదు. ఎవరి రెండు వారాలు వారికి కొత్తవి. పిల్లలకు మాత్రం అవే రెండు వారాలు.

మన దేశం కూడా ఒకప్పుడు ఇలాంటి అతిథులను చూసింది. అమెరికా ప్రభుత్వ సేవా సంస్థ పీస్ కోర్ వలంటీర్లు 1961 మొదలు 1976 వరకు భారతదేశానికి వచ్చారు. వారి వల్ల ఒరిగినదెంత అన్న చర్చ జోలికి పోను. కానీ ఆ సంస్థ నియమం రెండేళ్ల సేవ, దానికి ముందు కొన్ని నెలల పాటు భాషలో శిక్షణ. రెండు వారాలకు డబ్బు కట్టించుకుని పంపే నేటి పద్ధతి ముందు ఆ పాత నియమంలో ఎంత మర్యాద ఉన్నదో నాకు ఆ రిజిస్టరు చూశాక అర్థమైంది.

మూడో వారంలో నాకు చాక్‌పీసు ఇచ్చారు. అసలు ఇచ్చింది మార్కరు, అదీ ఎండిపోయినది. నేక్ క్రూ నాకు అప్పగించిన పని ఒకటే: పదాల చివరి హల్లు. ఖ్మేర్ మాటల చివర హల్లులు చాలావరకు నోట్లోనే ఆగిపోతాయి. చివరి 'స' అయితే ఊపిరిగా కరిగిపోతుంది. అందువల్ల 'ఐ లైక్ రైస్' అన్నది ఆ పిల్లల నోట 'ఐ లై రై' అవుతుంది. ఫైవ్ 'ఫై', హౌస్ 'హౌ'. ముందు వచ్చిన ఇంగ్లండు, ఆస్ట్రేలియా వలంటీర్లు ఎంత స్పష్టంగా పలికినా పిల్లలకు ఆ కొస వినపడలేదు, ఎందుకంటే తమ భాషలో లేని చోట చెవి వెతకదు.

ఇక్కడ నా ముప్పై ఏళ్ల తలనొప్పి నాకు అక్కరకు వచ్చింది. మన తెలుగు అజంత భాష కదా. మనం మాటను హల్లు మీద ఆపలేం. బస్ 'బస్సు', కార్ 'కారు', రోడ్ 'రోడ్డు' అయితే తప్ప మనకు తృప్తి ఉండదు. మా బడి పిల్లల చేత ఆ చివరి ఉకారం మాన్పించడానికి నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. వాళ్లు తోక కోస్తున్నారు, మనం తోక అతికిస్తున్నాం. సరే, అతికించి చూద్దామనుకున్నాను. "ఐ లైకు రైసు" అని గట్టిగా, అచ్చ తెలుగు యాసలో అనిపించాను. పిల్లలు విరగబడి నవ్వారు, కానీ అన్నారు. ఉకారం ఉన్నది కనుక దాని ముందున్న 'క', 'స' బతికి బయటపడ్డాయి. తరువాత ఆ ఉకారాన్ని గుసగుసగా అనమన్నాను, ఆ తరువాత పెదవులు మాత్రం కదపమన్నాను, చివరికి మనసులో అనుకోమన్నాను. రెండు వారాల్లో సగం మందికి 'రైస్' వచ్చింది. దొరల ఉచ్చారణ చేయలేని పనిని మన తప్పుడు ఉచ్చారణ చేసిందని చెప్పుకోవడంలో నాకు కొంత గర్వం లేకపోలేదు. ఇంగ్లీషును కష్టపడి నేర్చుకున్నవారికి అందులో ఎక్కడెక్కడ కాలు జారుతుందో తెలుసు. పుట్టుకతో వచ్చినవారికి ఆ జారుడు చోట్లు కనపడవు. మన పిల్లలెవరైనా ఇలాంటి పనికి వెళ్తే, మా యాస బాగోదే అని సిగ్గుపడనక్కర్లేదు.

నా గర్వం అణిగిన సంగతి కూడా చెప్పాలి. తరగతిలో పన్నెండేళ్ల పిల్ల ఒకతె ఉండేది. సాయంత్రాలు నదీ తీరంలో, సిసోవత్ వీధి వెంట, విదేశీయులకు దారపు కంకణాలు అమ్మేది. ఆమెకు అక్షరం ముక్క రాదు, మాట మాత్రం అనర్గళం. మనిషిని చూసి దేశం చెబుతుంది, దేశం చెబితే రాజధాని చెబుతుంది. "యూ బై, యూ లక్కీ, మీ లక్కీ" అన్నది ఆమె మంత్రం. నాలోని మాస్టరమ్మ ఊరుకోలేదు. ఆ వాక్యాన్ని సరిదిద్ది, "వుడ్ యూ లైక్ టు బై ఎ బ్రేస్‌లెట్, మేడమ్?" అని చక్కగా నేర్పాను. వారం తరువాత ఆ పిల్ల ముఖం ముడుచుకుని వచ్చింది. నా వాక్యం చెబితే అందరూ మర్యాదగా "నో, థ్యాంక్యూ" అని వెళ్లిపోతున్నారట. పాత వాక్యానికి నవ్వేవారు, నవ్వినవాళ్లు ఆగేవారు, ఆగినవాళ్లు కొనేవారు. "యేయ్, నీ ఇంగ్లీషులో 'నో' అనడం వాళ్లకు సులువు" అన్నది.

ఈ కథను నవ్వుతూ నేక్ క్రూకు చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆ పిల్ల రాత్రి పదింటి దాకా నది ఒడ్డున ఉండడం మాన్పించాలని తాను రెండేళ్లుగా తల్లితో మాట్లాడుతున్నానని, వీధిలో పిల్లల దగ్గర కొనవద్దని అక్కడ పనిచేసే సంస్థలు పర్యాటకులకు చెబుతున్నది కూడా అందుకేనని, నేను సరిదిద్దినా సరిదిద్దకపోయినా ఆ వాక్యానికి పదును పెట్టడమంటే ఆమెను ఆ ఒడ్డుకే కట్టేయడమని చెప్పింది. "ఆమెకు మాట్లాడడం నేర్పవద్దు, చదవడం నేర్పండి. చదువు వస్తే బడిలో పై తరగతికి పోతుంది" అన్నది. ఏ పిల్లకు ఏది నేర్పకూడదో తెలియాలంటే ఆ ఇల్లు, ఆ తల్లి, ఆ అప్పు తెలియాలి. మూడు నెలల చుట్టానికి అవి ఎలా తెలుస్తాయి?

అదే కారణంగా ఆమె కెమెరాలను గుమ్మం దాటనిచ్చేది కాదు. వారాంతాల్లో టుక్‌టుక్‌లలో కొందరు వచ్చి, లోపలికి వచ్చి పిల్లలతో కాసేపు ఆడుకోవచ్చా అని అడిగేవారు. మర్యాదగా వెనక్కి పంపేది. దీని వెనుక ఒక పెద్ద కథ ఉన్నది. పర్యాటకుల దయ మీద ఆధారపడి కంబోడియాలో అనాథాశ్రమాలు విపరీతంగా పెరిగాయి. 2005లో 154 ఉన్నవి 2010 నాటికి 269 అయ్యాయి. వాటిలోని పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సర్వేల్లో తేలింది. అనాథలను చూడాలని వచ్చేవారు ఎక్కువైతే అనాథలను తయారుచేసేవారు పుట్టుకొస్తారు. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఇలా పిల్లలను ఆశ్రమాలకు తరలించడాన్ని కూడా ఆ బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది. మీ ఇళ్లలోని పిల్లలు ఎవరైనా ఇటువంటి ప్రయాణం తలపెడితే, వెళ్లబోయే చోట పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటారో ముందుగా అడగమనండి. తమ ఇళ్లలో అన్న జవాబు రాకపోతే నేనైతే టిక్కెట్టు కొనను.

మార్చి నెల అంతా మేమిద్దరం కలిసి చేసిన పని నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆలోచన పూర్తిగా ఆమెది. జిరాఫీలను పక్కన పెట్టి, ఆ పిల్లల బండ్లలో ఉన్న అక్షరాలతోనే పాఠం చేద్దామన్నది. పిల్లలు ఇంటి నుంచి ఖాళీ డబ్బాలు, సీసాలు తెచ్చారు. ప్లాస్టిక్ సీసా అడుగున త్రిభుజంలో ఆ ప్లాస్టిక్ రకాన్ని తెలిపే అంకె ఉంటుంది. 1 అంటే పెట్, 2 అంటే హెచ్‌డీపీఈ, 5 అంటే పాలీప్రొపిలీన్. దేనికెంత ధర అన్నది తల్లులకు చేతి స్పర్శతో తెలుసు, పిల్లలకు అంకె చదివితే తెలుస్తుంది. అల్యూమినియం డబ్బాకు ఇనుప డబ్బా కన్నా ఎక్కువ పలుకుతుంది. రెండు మాటలకూ స్పెల్లింగ్ వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా పాయిజన్, యాసిడ్, డేంజర్, డూ నాట్ ఓపెన్. పురుగుమందు డబ్బా మీది పుర్రె గుర్తు చెరిగిపోయినా అక్షరాలు మిగిలి ఉండవచ్చునని ఒక పిల్లవాడు తానే కనిపెట్టి చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్లలో నా పిల్లల తండ్రులు దిగే మురుగు కాలువల గురించి నేను ఒక్క పాఠమైనా ఇలా అల్లలేదే అనిపించింది. సిలబస్‌లో లేదనే సాకు నాకు అక్కడ లేదు, ఇక్కడ ఉండేది.

ఆ పాఠాలను అట్ట ముక్కల మీద రాశాం. నేను ఇంగ్లీషు సరిచూసేదాన్ని, ఆమె ఖ్మేర్‌లో వివరణ రాసేది. తరగతి ముందు నిలబడేది ఆమె. నేను రోజుకు ఒక గంట, బడి వదిలాక, ఆమెకూ అక్కడి ఇద్దరు సహాయకురాళ్లకూ ఇంగ్లీషు చెప్పేదాన్ని. నేను అక్కడ చెప్పిన పాఠాల్లో ఇప్పటికీ మిగిలినవి ఏవైనా ఉంటే అవి ఆ గంటలోవే.

వాళ్ల కొత్త సంవత్సరం, ఈ ఊళ్లో తమిళుల కొత్త సంవత్సరం ఏప్రిల్ నడుమ ఒకేసారి వస్తాయి. సెలవుల ముందు రోజున నేను బయలుదేరాలి. వీడ్కోలు సభ ఉంటుందని, పాట పాడతారని, నేను ఏడవవలసి వస్తుందని మనసులో సిద్ధపడ్డాను. అలాంటిదేమీ లేదు. పాఠం చివర నేక్ క్రూ, "యేయ్ రేపు తన ఇంటికి వెళ్తుంది. సెలవుల తరువాత మనం ఇరవై రెండో అట్ట దగ్గర మొదలుపెడతాం" అని చెప్పి హాజరు పుస్తకం మూసింది. పిల్లలు చేతులు జోడించి వెళ్లిపోయారు. నాకు కొంచెం బాధ కలిగిన మాట నిజం. నెలకు ఒకసారి ఏడవడం ఆ పిల్లలకు అలవాటు చేయకూడదని ఆమె పెట్టుకున్న నియమం అది. రాత్రి భోజనం దగ్గర చెప్పింది. అంగ్‌కోర్ కూడా చూసి వచ్చాను. దాని గురించి వేరే రోజు మాట్లాడుకుందాం.

2020 మార్చిలో అక్కడ బడులు మూశారు, ఇక్కడా మూశారు. నేక్ క్రూ ఫోనులోని టెలిగ్రామ్ యాప్‌లో పాఠాలు పంపడం మొదలుపెట్టింది. ఇంటికొక ఫోను ఉన్నవాళ్లకు ఫోనులో, లేనివాళ్లకు అట్ట ముక్క బండి మీద. నేను చెన్నైలో కూర్చుని ఆమె అడిగినప్పుడు అడిగిన పదాలు పలికి పంపేదాన్ని, అడగనప్పుడు ఊరుకునేదాన్ని. ఆ అలవాటు ఇప్పటికీ సాగుతున్నది. కంకణాలమ్మిన పిల్ల పై తరగతికి వెళ్లింది. నది ఒడ్డుకు పోవడం తగ్గింది కానీ మానలేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. మొన్నామధ్య నేక్ క్రూ ఒక శబ్ద సందేశం పంపింది. నేను ఎన్నడూ చూడని కొత్త పిల్లలు, ఏడెనిమిదేళ్లవాళ్లు, ఒక్క గొంతుతో "బస్సు, రైసు, హౌసు" అని అంటున్నారు, అచ్చం మా ఉత్తర చెన్నై పిల్లల్లాగా. చివర ఆమె అడిగింది: "యేయ్, వీళ్లకు మీ ఉకారం పట్టుకుంది, ఎంత గుసగుసగా అనమన్నా వదలడం లేదు. దీన్ని తీసేయడం ఎలా?" ముప్పై ఒక్క ఏళ్లుగా వెతుకుతున్నాను, నాకూ ఇంకా దొరకలేదని జవాబు పంపాను. ఈ సభలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఆమెకు అందజేస్తాను.